గాజులకు మెరుగు పెట్టించడం మానేద్దాం

శ్రావణమాసం దగ్గరపడిందంటే మా ఇళ్ళ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకే ప్రశ్న వస్తుంది. ఈసారి మా చిన్నవదిన అడిగింది. "గాజులు బాగా మసకబారాయి, వరలక్ష్మీ వ్రతం లోపల మెరుగు పెట్టించాలి, ఎక్కడైతే బాగా చేస్తారు?" అని. కాసేపట్లోనే నాలుగు షాపుల పేర్లు, ఒక టూత్‌పేస్ట్ వీడియో, ఒక వెనిగర్-వంటసోడా వీడియో వచ్చిపడ్డాయి. అసలు మెరుగు అవసరమా అని మాత్రం ఎవరూ అడగలేదు. నేను రాసిన రెండు లైన్లు ఆ వీడియోల కింద ఎక్కడికో పోయాయి, పైగా ఇది రెండు లైన్లలో తేలే విషయమూ కాదు, అందుకని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఇళ్ళలో బంగారు గాజులకి, కంకణాలకి జరిగే నష్టంలో పెద్ద వాటా వాటిని కొత్తవాటిలా మెరిపించాలన్న తాపత్రయం వల్లే జరుగుతోంది. వేసుకుంటే అరుగుతాయని బీరువాలో పెడతాం, ఏడాదికోసారి తీసి పాలిష్‌కి ఇస్తాం, తెచ్చి మళ్ళీ బీరువాలో పెడతాం. జాగ్రత్త అనుకుంటూ చేసే ఈ పనుల్లో గాజుకి మేలు చేసేది దాదాపు ఏదీ లేదు.

మసక ఎక్కడిది

22 క్యారెట్ల గాజులో 91.6 శాతం బంగారం, మిగతాది రాగి, వెండి. 916 ముద్ర సంగతి అందరికీ తెలిసిందే. బంగారం తుప్పు పట్టదు, నల్లబడదు. రాగి, వెండి కొంచెం రంగు మారతాయి కానీ ఇంత తక్కువ పాళ్ళలో ఉన్నప్పుడు ఆ మార్పు కంటికి ఆనేంత రావడానికి చాలా కాలం పడుతుంది. మరి రెండు నెలలకే మసకెందుకు? సబ్బు. మన అపార్ట్‌మెంట్లలో వచ్చే బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ, వాటితో సబ్బు కలిస్తే విరిగిపోయి తెల్లటి తెట్టులా పేరుకుంటుంది, బాత్రూమ్ పలకల మీద కనిపించేది అదే, గాజు లోపలివైపు ఉన్నదీ అదే. దాని మీద కొబ్బరినూనె, పసుపు, చపాతీ పిండి, చేతికి రాసుకునే క్రీము, ఒకదానిమీద ఒకటి. ఇదంతా బంగారం పైన ఉన్న పొర, బంగారానికి వచ్చిన జబ్బేమీ కాదు.

నిజంగా నల్లగా కనిపించేది ఒక్కచోట, అతుకు దగ్గర. గాజుని వంచి రెండు కొసలు కలిపేచోట వాడే టంకంలో ఇతర లోహాలు ఎక్కువ, అందుకే పాత గాజుల్లో అక్కడ ఒక సన్నటి చీకటి గీత ఉంటుంది. ఆ గీతని ఎంత రుద్దించినా కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది.

పోగొట్టుకోవాల్సింది ఆ పొరనే అయితే దానికి గోరువెచ్చటి నీళ్ళు చాలు. గిన్నెలో నీళ్ళు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, సాదా గాజుల్ని అరగంట నానబెట్టి, పిల్లల మెత్తటి బ్రష్‌తో చెక్కడంలో మెల్లగా తోమి, మంచినీళ్ళతో కడిగి, పాత నూలుగుడ్డతో తడి పూర్తిగా తుడవాలి. మా ఊళ్ళో బంగారం పని చేసే ఆచారి గారు లిక్విడ్ బదులు కుంకుడుకాయల రసం అంటారు, అది ఇంకా మంచిది, నురగ ఇస్తుంది, గరుకు లేదు. టూత్‌పేస్ట్ మాత్రం వద్దు. పళ్ళ మీద గార తీయడానికి అందులో సన్నటి గరుకు పొడి కలుపుతారు, పంటి పైపొర కంటే బంగారం ఎంతో మెత్తన, కాబట్టి వీడియోలో తళతళలాడుతున్న ఆ గాజు మీద లెక్కలేనన్ని సన్నటి గీతలు పడి ఉంటాయి. వంటసోడా ముద్దతో రుద్దినా గీతలు పడొచ్చు.

మెరుగులో పోయేది

షాపులో మెరుగు అంటే సాధారణంగా రెండు పనులు. ముందు రసాయనాల్లో ముంచి పైపొర తీస్తారు, తర్వాత తిరిగే బఫ్ చక్రానికి పట్టిస్తారు. ఆ చక్రం మీద పూసే ముద్ద గరుకుది, గీతలు పోయేది చుట్టూ ఉన్న బంగారం గీత లోతుకి దిగేదాకా అరిగించడం వల్ల. గీత పూడదు, దాని గట్లు పోతాయి. ఆ పోయిన బంగారం ఎక్కడికి పోతుందో బంగారం పని జరిగే ఏ బజారుకి వెళ్ళినా తెలుస్తుంది: షాపుల ముందు మట్టి ఊడ్చి, కాలువల్లో బురద ఎత్తి, కడిగి జల్లించి బతికేవాళ్ళున్నారు. మన గాజుల నుంచి ఏమీ పోకపోతే ఆ మట్టికి గిరాకీ ఉండదు.

ఎంత పోతుందో నేనే లెక్క వేసి చూసుకున్నాను. రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న సాదా గుండ్రటి గాజు, సైజు రెండు-ఆరు అనుకుందాం, అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు, లోపలి వ్యాసం ఆరు సెంటీమీటర్లు. 22 క్యారెట్లలో అది దాదాపు 17 గ్రాములు తూగుతుంది. దాని ఉపరితలం మొత్తం 15 చదరపు సెంటీమీటర్ల పైన. అందులో 5 మైక్రాన్ల పొర, అంటే మన తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొర, పోయిందనుకుంటే 0.13 గ్రాములు పోయినట్టు. నాలుగు గాజులకి అర గ్రాము. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటిన రోజు నుంచి అర గ్రాము అంటే ఎంతో వేరే చెప్పక్కర్లేదు. ఏటేటా ఇస్తే? చెక్కడం ఉన్న గాజుకి ఉపరితలం ఇంకా ఎక్కువ, పని చేసేవాడి చెయ్యి బరువైతే పోయేది కూడా ఎక్కువ.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, నాకు బాధ కలిగించేది పనితనం పోవడం. మా పిన్నికి వాళ్ళ అత్తగారిచ్చిన నక్షీ కంకణాలున్నాయి, రెండు వైపులా ఎదురెదురుగా హంసలు. నా చిన్నప్పుడు ఆ హంసల కళ్ళు, ముక్కు, రెక్కల మీద ఈకల గీతలు వేలితో తడిమితే తెలిసేవి. ప్రతి శుభకార్యానికి ముందూ వాటిని ఒక షాపులో ఇచ్చేవారు, ఎప్పుడూ అదే షాపు. ఇప్పుడు ఆ కంకణాలు అద్దంలా మెరుస్తాయి. హంసలు మాత్రం ఉబ్బెత్తు ముద్దల్లా ఉన్నాయి, కన్ను లేదు, ఈక లేదు. ఎవరో ఒక పనివాడు రోజుల తరబడి వంగి కూర్చుని చెక్కిన గీతలవి. వాటిని తిరిగి చెక్కించవచ్చు, కానీ అప్పుడవి వేరే కంకణాలవుతాయి. పిన్ని వాటిని చూసుకుని ఇప్పటికీ మురిసిపోతుంది, ఆ మురిపెం చెడగొట్టడం ఇష్టం లేక ఆవిడతో నేనెప్పుడూ ఈ మాట అనలేదు.

హాల్‌మార్క్ సంగతీ ఆలోచించాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నగల మీద హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకీ విడిగా ఇచ్చే ఆరు అక్షరాల (అంకెలు కూడా కలిసే) గుర్తింపు కోడ్, తప్పనిసరి. గాజులకి అది లోపలివైపు లేజర్‌తో వేస్తారు, లోతు చాలా తక్కువ. రేపు అమ్మాలన్నా, మార్చాలన్నా, హాల్‌మార్క్ సంగతులు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ కేర్ యాప్‌లో సరిచూసుకోవాలన్నా ఆ ఆరు అక్షరాలే ఆధారం. లోపల కూడా తళతళలాడాలని చక్రానికి పట్టిస్తే ముందు పోయేవి అవే.

ఇక ఇంటింటికీ తిరిగి మెరుగు పెడతామనేవాళ్ళు. పోలీసులు ఎన్నిసార్లు హెచ్చరించినా ఈ మోసం ఆగడం లేదు. నైట్రిక్ ఆమ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావకంలో బంగారం కరుగుతుంది, గాజుని కాసేపు ముంచి తీస్తే కళ్ళముందే గ్రాములు ఆ గిన్నెలో ఉండిపోతాయి, గాజు మాత్రం ధగధగలాడుతూ మన చేతికొస్తుంది. మెరిసిందంటే బాగుపడినట్టే అని మనం నమ్ముతున్నంతకాలం ఈ మోసానికి ఇంకేమీ అక్కర్లేదు.

మా మేనకోడలి వాదన

దీనికి గట్టిగా ఎదురు చెప్పింది మా మేనకోడలు. "అత్తా, మసకగా ఉన్నాయనే కదా ఎవరూ వేసుకోవట్లేదు. పాలిష్ చేయిస్తే కనీసం చేతికెక్కుతాయి. అర గ్రాము పోతే పోనీ, లాకర్లో పడి ఉండటం కంటే నయం కాదా?" అంది. ఇది తేలిగ్గా తోసెయ్యగల మాట కాదు. నేను కూడా కోరుకునేది గాజులు చేతికెక్కాలనే. వేసుకుంటే అరుగుతాయి, అది నిజం. మన అలవాటు చూడండి, ముందొకటి వెనకొకటి బంగారు గాజు, మధ్యలో డజను మట్టిగాజులు. మట్టిగాజు బంగారం కంటే గట్టిది, చెయ్యి కదిలినప్పుడల్లా బంగారాన్ని గీస్తూనే ఉంటుంది. అమ్మమ్మల గాజులు పక్కల్లో పలచబడి ఉండటానికి కారణం అదే. అయినా మట్టిగాజులు తీసెయ్యమని నేను చెప్పను. ఆ అరుగుదల ఒక మనిషి వేసుకుని తిరిగినందుకు వచ్చింది, దానికి నాకు అభ్యంతరం లేదు. చక్రం మీద పోయేది ఎవరూ వేసుకోకుండానే పోతోంది, తేడా అక్కడ.

కాబట్టి తనతో ముందు కడిగి చూడమన్నాను. వాళ్ళమ్మవి సీఎన్‌సీ గాజులు, మిషన్‌తో సన్నటి పలకలు కోసినవి. అలాంటివాటి తళుకంతా ఆ పలకల అంచుల్లో ఉంటుంది, బఫ్ చక్రం ముందు మొద్దు చేసేది ఆ అంచుల్నే. కడిగాక చాలావరకు తేరుకున్నాయి, గీతలు కొన్ని ఉన్నాయి, తను వాటినే వేసుకుని ఫ్రెండ్ పెళ్ళికి వెళ్ళింది. అలాగని తను పూర్తిగా ఒప్పుకుందనీ చెప్పను. తెల్ల బంగారం బ్రేస్‌లెట్ సంగతేంటని అడిగింది. దానికి ఆ తెలుపు వచ్చేది పైన వేసిన రోడియం అనే లోహపు పూత వల్ల, అది అరిగితే అడుగున ఉన్న పసుపు ఛాయ బయటపడుతుంది, మళ్ళీ పూత వేయించక తప్పదు, పూత వేసే ముందు పాలిష్ చేయక తప్పదు. అక్కడ నా వాదన నిలవదు. రోజూ వేసుకునేదానికి తెల్ల బంగారం కొనేముందు ఇది తెలిసి ఉండటం మంచిది.

పెళ్ళికూతురి గాజుల విషయంలోనూ నాకు కొంచెం తటపటాయింపు ఉంది. తరాలు మారి చేతికొచ్చిన జతని ఒక్కసారి శుభ్రంగా మెరిపించి ఇవ్వాలని తల్లికి ఉంటుంది, ఆ ఒక్కసారికి కాదనలేం. అప్పుడైనా మన కళ్ళముందు ఒకే త్రాసు మీద ముందూ వెనకా తూచి రాసిమ్మనాలి. ఒకచోట నేనలా అడిగితే కౌంటర్ దగ్గరి అబ్బాయి "ఇంతవరకు ఎవరూ అడగలేదండీ" అన్నాడు, కాని తూచాడు, రాశాడు. నున్నటి రాయితో చేత్తో ఒత్తి మెరుగు తెచ్చే పద్ధతి తెలిసిన పనివాళ్ళు ఇంకా ఉన్నారు, అందులో లోహం అణుగుతుంది కానీ పోదు. అలాంటి ఆచారి గారు దొరికితే ఆయన అడిగిన మజూరీ బేరమాడకుండా ఇవ్వండి.

నిజంగా పనివాడి దగ్గరకి వెళ్ళాల్సిన సందర్భాలు వేరు. స్క్రూ వదులైనా, బిజాగరీ ఆడుతున్నా, రాయి కదిలినా, అతుకు దగ్గర పగులు కనిపించినా ఆలస్యం చెయ్యకూడదు. రెండు-నాలుగు సైజు గాజుని వాచిన చేతి నుంచి బలవంతంగా లాగి లాగి కోలగా చేసుకుంటాం, ఆ వంపు ఒత్తిడంతా అతుకు మీద పడుతుంది. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి దానిమీదుగా జారిస్తే సులువుగా వస్తుంది, గాజుల షాపులో వాళ్ళు చేసేది అదే. ఇంకొకటి, గాజు మీద ఉన్నట్టుండి వెండిలా తెల్లటి మచ్చ కనిపిస్తే అది చాలావరకు పాదరసమే. పగిలిన థర్మామీటరు నుంచి రావచ్చు, చర్మం తెల్లబరుస్తామనే కొన్ని క్రీముల నుంచీ రావచ్చు. దాన్ని ఇంట్లో పొయ్యి మీద కాల్చే ప్రయత్నం అస్సలు చెయ్యకండి, ఆ ఆవిరి విషం. గాజు సంగతి తర్వాత, ముందు ఆ క్రీము మానాలి.

రాళ్ళు, ముత్యాలు, లక్క

పైన చెప్పిన సబ్బునీళ్ళ వైద్యం సాదా బంగారానికే. కుందన్ గాజుల్లో రాయి వెనక పల్చటి రేకు ఉంటుంది, రాయి మెరిసేది దానివల్లే, దాని కింద లక్క. నీళ్ళు లోపలికి వెళ్తే రేకు నల్లబడి రాయి గుడ్డిదవుతుంది. వేడి తగిలితే లక్క మెత్తబడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో ఉండే మా బంధువుల ఇంట్లో బీరువా రోజుల తరబడి నీళ్ళలో ఉంది. బురద కడిగితే సాదా గాజులు ఏమీ జరగనట్టు బయటికొచ్చాయి. లక్క పోసిన కంకణాల్లోకి మాత్రం బురదనీళ్ళు దిగి, రాళ్ళ వెనక మరకలు పట్టాయి, విప్పి మళ్ళీ కట్టించాల్సి వచ్చింది. ఇలాంటివాటిని పొడి మెత్తటి గుడ్డతో తుడవడం తప్ప ఇంట్లో ఇంకేమీ చెయ్యకూడదు.

పచ్చలు పొదిగినవి ఉంటే షాపులో అల్ట్రాసోనిక్ మిషన్‌లో, అంటే శబ్ద తరంగాలతో మురికి వదిలించే మిషన్‌లో, వెయ్యనివ్వకండి. చాలా పచ్చల్లో సహజంగా ఉండే పగుళ్ళని నూనెతో నింపి అమ్ముతారు, ఆ మిషన్‌లో, వేడినీళ్ళలో ఆ నూనె పోయి పగుళ్ళు బయటపడతాయి. ముత్యం మరీ సుకుమారం, అది కాల్షియం కార్బొనేట్ పొరలు, వెనిగర్, నిమ్మరసం, సెంటు, చెమట ఏదీ దానికి పడదు. హైదరాబాదు ముత్యాల బ్రేస్‌లెట్ అన్నీ సర్దుకున్నాక చివర్లో వేసుకోవాలి, రాగానే ముందు తియ్యాలి, తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి, దారం వదులైతే మళ్ళీ గుచ్చించాలి.

ఎలా దాచాలి

నగల షాపులో ఇచ్చే వెల్వెట్ కడ్డీ పెట్టె చూడ్డానికి బాగుంటుంది కానీ పది గాజులు ఒకదానికొకటి ఒరుసుకుంటూ ఉంటాయి, పెట్టె తీసిన ప్రతిసారీ గీతలు పడతాయి. అందులో ఒక్క వజ్రాల గాజు ఉందంటే పక్కనున్నవాటన్నిటికీ దెబ్బే. వజ్రం ముందు కెంపూ, నీలమూ ఆగవు, బంగారం ఎక్కడ ఆగుతుంది? జతకి ఒక మెత్తటి నూలు సంచి, పాత ధోవతి ముక్కతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు. బోలు గాజుల మీద బరువు పెడితే సొట్టపడతాయి, అవి పైన ఉండాలి. ముత్యాలున్నదాన్ని ప్లాస్టిక్ కవర్లో గాలి ఆడకుండా కట్టెయ్యకూడదు, దాని పక్కన సిలికా జెల్ పొట్లం కూడా వద్దు, మరీ పొడిబారితే ముత్యం పగులుతుంది. వెండి కడియాలకి మాత్రం అదే పొట్లం మేలు చేస్తుంది. రబ్బరు బ్యాండుతో కట్టి పెట్టడం మాత్రం మానాలి, రబ్బరులో ఉండే గంధకం వెండిని నల్లబరుస్తుంది. రోజువారీకి వేసుకునే చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గాజుల్ని బంగారు వాటితో కలపకండి, వాటి పూత ఆ రాపిడికి తట్టుకోదు.

లాకర్ విషయానికొస్తే, బంగారానికి చీకటి వల్ల చెడేది ఏమీ లేదు. నిజాం నగల్లో 173 వస్తువుల్ని 1995లో కేంద్ర ప్రభుత్వం దాదాపు 218 కోట్లకి కొని రిజర్వ్ బ్యాంకు ఖజానాలో పెట్టింది, ఆ చీకట్లోంచి తీసి సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకి తెచ్చినప్పుడు జనం బారులు తీరి చూశారు. నగలు ఇంట్లోనే పెట్టుకోండి అని ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళతో నేననలేను, గొలుసు దొంగతనాల వార్తలు రోజూ చూస్తున్నాం. లాకర్ ఉండాల్సిందే. కానీ లాకర్లో పెట్టేశాం కాబట్టి ఇక టెన్షన్ లేదు అనుకోవడం సరికాదు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, ఉద్యోగుల మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల దాకా. అద్దె 3,000 అయితే 3 లక్షలు. ఇవాళ్టి ధరకి పైన లెక్కవేసిన 17 గ్రాముల గాజులు రెండు కూడా రావు. వరద, భూకంపం లాంటివి, బ్యాంకు తప్పు లేకపోతే, ఆ లెక్కలోకే రావు. లోపల ఏముందో బ్యాంకుకి తెలియదు, అడగదు.

అందుకని ప్రతి జతకీ ఒక కాగితం ఉండాలి: ఫొటో, గ్రాముల్లో బరువు, హెచ్‌యూఐడీ ఉంటే అది, ఎవరిచ్చారు, ఎప్పుడు. ఒక కాపీ లాకర్లో కాకుండా వేరేచోట. బీమా చేయించాలనుకున్నా, పిల్లలకి పంచాలనుకున్నా ముందు అడిగేది ఇదే. అమ్మమ్మల కాలం గాజులకి బిల్లు ఉండదు, ముద్ర ఉండదు, "ఇది మేలిమి బంగారమే" అన్న మాటొక్కటే ఉంటుంది. అలాంటివాటిని బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రానికి తీసుకెళ్తే మామూలు మనుషులకి కూడా పరీక్ష చేసి రిపోర్టు ఇస్తారు. చిన్నవదినకి కూడా ఇదే చెప్పాను, పాలిష్‌కి పెట్టే ఖర్చు ఈ ఏడాది దీనికి పెట్టమని. శనివారం వాళ్ళత్తగారి నాలుగు గాజులూ తీసుకుని వెళ్తామంటోంది.